సీలు వేసిన చేపల తొట్టి

మా మామగారు ఎవర్నీ నమ్మరు. ఇది నేను ఆయన మీద చెబుతున్న చాడీ కాదు, ఆయనే పదిమందిలో గర్వంగా చెప్పుకునే మాట. కరెంటు ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళు మీటర్లు తనిఖీ చేసే ఉద్యోగం చేశారు. ఎవరింట్లో మీటరు నత్తనడక నడుస్తోంది, ఎవరు సీలు ఊడదీసి మళ్ళీ తెలివిగా అతికించారు, ఎవరు మీటరు మీద అయస్కాంతం పెట్టి తీయడం మర్చిపోయారు, ఇవి కనిపెట్టడమే పని. రోజంతా ఇంటింటికీ తిరిగి జనాన్ని దొంగల్లా చూసిన మనిషి, సాయంత్రం చెప్పులు విడిచేటప్పుడు ఆ చూపు కూడా విడిచి లోపలికి వస్తాడా? రాడు కదా.

పెళ్ళయి వచ్చిన వారానికే నాకు సంగతి అర్థమైంది. పాల ప్యాకెట్టు కాటా మీద పెట్టి తూచేవారు. గోడ గడియారాన్ని ఫోనుతో సరిచూసేవారు, ఫోనుని స్టేషనుకి వెళ్ళి అక్కడి గడియారంతో సరిచూసేవారు. టీలో చక్కెర వేశానంటే నా మాట కాదు, చెంచా చూసేవారు. మొదట్లో ఏడుపొచ్చేది. ఆ తర్వాత ఒళ్ళు మండేది. ఆ తర్వాత ఏం చేస్తాం, పాల ప్యాకెట్టు నేనే తూచి ఎంతుందో చెప్పేయడం మొదలుపెట్టాను. మా ఆయనకి తండ్రి సంగతి పుట్టినప్పట్నుంచీ తెలుసు కాబట్టి, నెలకి ఇరవై రోజులు లారీ మీద ఉండే ఉద్యోగం చూసుకున్నాడు. ఎంత తెలివైనవాడో చూడండి.

రిటైరైన రోజు తోటి ఉద్యోగులందరూ కలిసి మామగారికి ఒక గాజు తొట్టి బహుమతిగా ఇచ్చారు. చేపల తొట్టి. మూడు రోజులు దాని ప్యాకింగు విప్పలేదు.

"ఇన్నేళ్ళలో నాకు ఒక్క టీ పోయించని వాళ్ళు, ఇప్పుడు ఇంత పెద్దది ఎందుకిచ్చారంటావు?" అన్నారు నాతో.

"రిటైరయ్యారని సంతోషం పట్టలేక ఇచ్చుంటారు మామయ్యా," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ మాట కూడా ఆలోచించదగ్గదే అన్నట్టు తల పంకించారు.

కానీ తొట్టిలో నీళ్ళు పోసి చేపలు వేశాక మనిషి మారిపోయారు. ఎర్రటి చార ఉన్న పొట్టి చేపలు ఇరవై, గాజులా కనబడే చిట్టి రొయ్యలు ఆరు, గోడలకి అంటుకుని తిరిగే నత్తలు కొన్ని. ముందు గదిలో, సోఫా పక్కన, స్టూలు లాంటి ఇనుప బల్ల మీద పెట్టారు. దాని ముందు కుర్చీ వేసుకుని గంటలకొద్దీ కూర్చునేవారు. చేపలు ఆయన్ని మోసం చేసే అవకాశం లేదు. వాటికి మీటరు లేదు. అందుకే అంత ప్రేమ అనుకుంటాను.

ఆ ముందు గదిలోనే కిటికీ దగ్గర నా కుట్టు మిషను. బట్టల కొట్టు వాళ్ళు పంపే ప్యాంట్లూ గౌన్లూ పొడవు తగ్గించి, నడుము సరిచేసి పంపిస్తాను. వెలుతురు కోసం కిటికీ వైపు తిరిగి కూర్చుంటాను కాబట్టి తొట్టి నా వీపు వెనక ఉంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి.

చలికాలంలో ఒక ఉదయం మామగారు లేచేసరికి తొట్టిలో నీళ్ళు చల్లగా ఉన్నాయి. చేపలన్నీ అడుగుకి చేరి కదలకుండా ఉన్నాయి. నీళ్ళని వెచ్చగా ఉంచే హీటరు స్విచ్చి కట్టేసి ఉంది. ఎవరు కట్టారు? నేను కాదన్నాను. మా ఆయన ఊళ్ళో లేడు. ఇల్లు తుడిచే ఆవిడ ముందు రోజు రానే లేదు. అదృష్టం బావుండి చేపలు బతికాయి, కానీ ఆ స్విచ్చి ఎవరు కట్టారో ఈ రోజుకీ తేలలేదు. మామగారి సంగతి నాకు తెలుసు, ఆయనకి తేలని విషయం పంటి కింద రాయి. పదిహేను రోజులు అదే తలుచుకుని, చివరికి మా ఆయనకి ఫోను చేసి ఒక చిన్న కంప్యూటరు బోర్డు తెమ్మన్నారు.

తెచ్చాడు. పేకముక్క అంతే ఉంది. తెర లేదు, మీటలు లేవు, పెట్టె కూడా లేదు. ఆకుపచ్చ అట్ట మీద నల్లటి బిళ్ళలు అతికించినట్టు ఉంది. దాన్ని పాత టీవీకి తగిలించి, అరవై ఏళ్ళు దాటిన మనిషి, ఫోనులో వీడియోలు చూస్తూ ప్రోగ్రాము రాయడం నేర్చుకున్నారు. చూసినదాన్ని చూసినట్టు టైపు చేయలేదు. ముందు నోటు పుస్తకంలో చేత్తో రాసుకుని, ఒక్కో వరస ఏం చేస్తుందో పక్కన రాసుకుని, అర్థమైందని నమ్మకం కుదిరాకే కంప్యూటరులోకి ఎక్కించేవారు. వీడియోలో చెప్పేవాణ్ణి కూడా నమ్మరు కదా.

రెండు నెలలకి తయారైంది. నిజం చెప్పొద్దూ, ముచ్చటగా ఉండేది. నీళ్ళలో ముంచే, వేడి కొలిచే సెన్సార్లు మూడు. ఒకటి సరిపోతుందిగా అంటే, ఒకటే ఉంటే అది అబద్ధం చెప్పినా తెలియదు, రెండుంటే ఎవరిది అబద్ధమో తెలియదు, మూడుంటే రెండు కలిసి మూడోదాన్ని పట్టిస్తాయి అన్నారు. నీళ్ళు చల్లబడితే బోర్డు రిలే అనే చిన్న స్విచ్చిని కదిపి హీటరు వెలిగిస్తుంది, టిక్కుమని శబ్దం వస్తుంది. వేడి చాలనగానే మళ్ళీ టిక్కు. ఉదయం దీపం వెలుగుతుంది, సాయంత్రం ఆరిపోతుంది. బోర్డు ఎక్కడైనా మొరాయిస్తే హీటరు దానంతటదే ఆరిపోయేలా పెట్టారు. తొట్టి మూతలో మేత వేయడానికి ఒక చిన్న తలుపు ఉంటుంది. దానికి అయస్కాంతపు స్విచ్చి అమర్చారు. ఎవరు ఎప్పుడు ఆ తలుపు తీసినా, వేసినా, గంటా నిమిషంతో సహా రికార్డులో పడుతుంది.

మొదటి వారం బోర్డు ఉండుండి ఆగిపోయి మళ్ళీ మొదలయ్యేది. మామగారు రికార్డు పట్టుకుని నా దగ్గరికి వచ్చారు.

"అమ్మాయ్, నిన్న పదకొండూ పదికి ఏం చేస్తున్నావు?"

"కుడుతున్నాను."

"పదకొండూ ఇరవై రెండుకి?"

"అప్పుడూ కుడుతున్నాను. ఇప్పుడు కుడుతున్నాను. రేపూ కుడతాను."

నన్ను మిషను తొక్కమన్నారు. మిషనుకి ఉన్న మోటారు తిరగగానే బోర్డు పుటుక్కున ఆరి వెలిగింది. ఆగమన్నారు, మళ్ళీ తొక్కమన్నారు. ఆరుసార్లు. మోటారు రవ్వలు అదే లైను మీద పడి బోర్డుని తిక్కపెడుతున్నాయని తేల్చి, తొట్టికి వేరే గదిలోంచి వైరు లాగారు. "నీ తప్పేం లేదు, మోటారుది," అన్నారు. ఆయన అలా అనడం నాకు పట్టాభిషేకంలా అనిపించింది. ఈ ఇంట్లో మొదటిసారి నా పేరు అనుమానితుల జాబితాలోంచి కొట్టేశారు.

అక్కడితో ఆగి ఉంటే బావుండేది. కానీ పెట్టె బిగించాక సీలు వేయకుండా ఆయనకి నిద్ర పట్టదు. ఇనప సామాన్ల కొట్టుకి వెళ్ళి సీలు పటకారు, సీసపు బిళ్ళలు, మెలివేసిన రాగి తీగ చుట్ట కొనుక్కొచ్చారు. ఆఫీసులో మీటర్లకి వేసేవి అవే. బోర్డు పెట్టెకి ఒక సీలు, ప్లగ్గుకి ఒక సీలు. సెన్సార్లని ఎవరైనా పైకి లాగి చేత్తో వేడి చేసి బోర్డుని మోసం చేయొచ్చట. ఎవరు చేస్తారో, చేస్తే వాళ్ళకేం ఒరుగుతుందో నేను అడగలేదు. ఆ మూడు సెన్సార్లనీ తొట్టిలోకి దిగే నీళ్ళ పైపుకి కట్టి, రాగి తీగ నాలుగు చుట్లు చుట్టి, చివర సీసపు బిళ్ళ నొక్కారు. బిళ్ళ నీటికి పైన, తీగ నీళ్ళలోకి. ప్రతి బిళ్ళ మీదా నంబరు. నంబర్లన్నీ రిజిస్టరులో రాసుకుని కింద సంతకం చేశారు. ఇంట్లో చేపల తొట్టికి సంతకం.

ఇక ఇల్లు తుడిచే ఆవిడ గురించి చెప్పాలి. నేను అక్కా అని పిలుస్తాను. సోమ, బుధ, శుక్రవారాలు పది గంటలకి వచ్చేది. నాకంటే పదేళ్ళు పెద్దది, నోట్లో నాలుక లేని మనిషి. గదులు తుడిచి, కిటికీ అద్దాలు తుడిచి, తొట్టి అద్దం కూడా పొడిగుడ్డతో మెరిసేలా తుడిచేది. మా కింద వాటాలో కూడా తనే చేసేది. ఆ సమయంలో మామగారు లైబ్రరీకి పేపర్లు చదవడానికి వెళ్ళేవారు, ఒకే వార్త నాలుగు పేపర్లలో ఎలా రాశారో పోల్చి చూడటానికి. కాబట్టి ముందు గదిలో నా వీపు, తను, తొట్టి.

సీలు వేసిన వారానికి నత్తలు గోడలు వదిలేసి అడుగున పడ్డాయి. తర్వాత రొయ్యలు ఒక్కొక్కటీ తిరగబడి తేలాయి. మామగారు ప్రతి చావునీ రిజిస్టరులో రాశారు. వేడి సరిగ్గానే ఉంది, దీపం సరిగ్గానే ఉంది, సీళ్ళు చెక్కుచెదరలేదు. అంటే యంత్రంలో తప్పు లేదు. యంత్రంలో లేదంటే మనుషుల్లో ఉంది. ఆయన లెక్క అది. పైగా చేపల కొట్టాయన జబ్బు చేపలు అంటగట్టాడేమో అని కూడా అనుమానం వచ్చి, ఆ కొట్టు వైపు వెళ్ళడం మానేశారు.

ఆ రోజుల్లోనే, ఒక బుధవారం, నేను మోటారు మీద ఒక గౌను అంచు కుడుతుండగా అక్క వెనక నుంచి అంది.

"అమ్మా, తొట్లో ఆ తీగ పచ్చబడుతోంది. కిలుములా ఉంది. సార్‌కి చెప్పండి."

నేను విన్నాను. మోటారు చప్పుడులో కూడా మాట స్పష్టంగా వినబడింది. "ఊఁ," అన్నాను. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే, అదే వారం నా చిన్న కత్తెర కనబడకుండా పోయింది. దారాలు కత్తిరించే కత్తెర, మా అమ్మ ఇచ్చింది. మిషను సొరుగులో పెట్టినట్టు బాగా గుర్తు. ఆ సొరుగు తుడిచేది అక్క. ఒకసారి ఆ ఆలోచన బుర్రలో పడ్డాక, ఆవిడ ఏం మాట్లాడినా నాకు వేరేగా వినబడేది. చేపల మీద అంత శ్రద్ధ ఎందుకో అనుకున్నాను. మంచిదనం చూపించి నా కళ్ళు కప్పుతోందనుకున్నాను. మామగారి ఇంట్లో ఎనిమిదేళ్ళు కాపురం చేశాను కదా, ఆయన కళ్ళజోడు నాకు తెలియకుండానే పెట్టేసుకున్నాను.

ఇంకో మూడు వారాలకి మామగారు నన్ను పిలిచి రికార్డు చూపించారు. మేత తలుపు ఆయన ఉదయం ఏడింటికి, సాయంత్రం ఏడింటికి తీస్తారు. అవి కాక సోమవారం పది నలభైకి. బుధవారం పది నలభై రెండుకి. శుక్రవారం పది ముప్పై ఎనిమిదికి. వరసగా మూడు వారాలు. ప్రతిసారీ రెండు మూడు నిమిషాలు.

"ఎవరు వస్తారు ఆ టైముకి?" అన్నారు. తెలిసీ అడగడం ఆయన అలవాటు.

"అక్క," అన్నాను.

ఒక్క రోజు లైబ్రరీ మానేసి కుర్చీలో కూర్చుంటే సరిపోయేది. కళ్ళారా చూసేవారు. కానీ ఆయనకి చూసింది సాక్ష్యం కాదు, రాసి ఉన్నది సాక్ష్యం.

తర్వాతి శుక్రవారం ఆవిడ రాగానే గుమ్మం దగ్గరే ఆపారు. చేతిలో ప్రింటు తీసిన కాగితాలు.

"తొట్టి మూత తీశావా, లేదా?"

అక్క నా వైపు చూసింది. "తీశానండి. అదీ..."

"తొట్టి మూత ముట్టుకోవద్దని చెప్పానా, లేదా?"

"చెప్పారండి. కానీ సార్, ఆ లోపల..."

"ముట్టుకోవద్దన్నాక ముట్టుకున్నావా, లేదా?"

"ముట్టుకున్నాను."

"అయిపోయింది," అన్నారు.

ఆయన ఉద్యోగంలో పద్ధతి అదేనట. సీలు తెగి ఉందంటే తెగి ఉంది, అంతే. ఎందుకు తెగిందని అడిగితే ప్రతి ఇంట్లోనూ ఒక కథ చెబుతారు, ఎలక కొరికిందని, పిల్లాడు లాగాడని. ఆ కథలు వినడం మొదలుపెడితే సాయంత్రానికి ఒక్క కేసు కూడా రాయలేమని ఎన్నోసార్లు చెప్పేవారు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక్క కారణం కూడా వినలేదని చెప్పుకోవడం ఆయనకి గొప్ప.

అక్క మళ్ళీ నా వైపు చూసింది. ఈసారి చూపు తిప్పుకోలేదు. నేను సూదిలో దారం ఎక్కించుకుంటున్నాను. ఎక్కి ఉన్న దారాన్ని తీసి మళ్ళీ ఎక్కించాను. ఆవిడ చెప్పులు వేసుకుని మెట్లు దిగిపోయింది. వెనకాలే మామగారు కింద వాటాకి వెళ్ళి, "కాస్త కనిపెట్టి ఉండండి," అని ఒక్క మాట చెప్పి వచ్చారు. ఆయన మాటంటే వీధిలో గురి. సోమవారం నుంచి వాళ్ళూ ఆవిడని రావద్దన్నారు.

నాకు హాయిగా అనిపించింది. దాచడం ఎందుకు? కత్తెర దొంగ వెళ్ళిపోయిందనుకున్నాను.

అప్పటికి పోయినవి రొయ్యలన్నీ, నత్తలన్నీ, చేపలు మూడు. దొంగ వెళ్ళిపోయింది కదా, ఇక చావులు ఆగాలి. ఆగలేదు. ఎక్కువయ్యాయి. మొదటి వారం నాలుగు చేపలు. రెండో వారం ఐదు. మామగారు తిండి సరిగ్గా తినడం మానేశారు. ఉదయం లేస్తూనే తొట్టి దగ్గరికి వెళ్ళి లెక్కపెట్టేవారు, మొహం పీక్కుపోయింది. ఒకరోజు చనిపోయిన చేపని చెంచాతో తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. కసురుకునే మనిషి అలా నిలబడితే చూడలేకపోయాను.

జాలి ఎక్కువసేపు ఉండనివ్వలేదు. ఇంట్లో మిగిలింది నేనొక్కదాన్నే కదా.

"అమ్మాయ్, నేను లేనప్పుడు ముందు గదిలో ఎంతసేపుంటావు?" అని అడిగారు.

"కుట్టినంతసేపు."

"అంటే, ఎంతసేపు?"

ఆ రోజు మేత తలుపుకి కూడా సీలు పడింది. పొద్దున్నా సాయంత్రం తెంపి మేత వేసి కొత్తది వేస్తారు. సెన్సార్ల దగ్గర పాత చుట్లు వదులయ్యాయని అనుమానం వచ్చి ఇంకో ఆరు చుట్లు రాగి తీగ బిగించారు. ఆ వారం నాలుగు చేపలు పోయాయి. మిగిలినవి నాలుగు. ఆయన నాతో మాట్లాడటం మానేశారు. నేను టీ ఇస్తే కప్పు వాసన చూసి తాగేవారు.

దాంతో తల కొట్టేసినట్టయింది నాకు. ఎనిమిదేళ్ళు పాలు తూచి ఇచ్చినదాన్ని, టీలో ఏదైనా కలిపానా అని చూస్తారా? ఆ కోపంలోనే, నా నిర్దోషిత్వం నేనే తేల్చుకుంటానని, తొట్టిలోంచి సీసాలో కొంచెం నీళ్ళు పట్టుకుని చేపల కొట్టుకి వెళ్ళాను. మేత తలుపు సీలు ఎలా తెంపావని అడిగితే అడగనీ అనుకున్నాను.

కొట్టంతా నీలం వెలుతురు, గోడ నిండా తొట్లు. కొట్టాయన మోచేతుల దాకా తడిచేతులతో వచ్చి సీసా వెలుతురుకి ఎత్తి చూశాడు.

"ముందు ఏవి పోయాయి?"

"నత్తలు. తర్వాత రొయ్యలు. తర్వాత చేపలు."

సీసా కింద పెట్టేశాడు. "తొట్టిలో రాగి ఉందా?"

"రాగా?"

"రాగి వైరు, నాణెం, బిళ్ళ, ఏదైనా సరే. నత్తలూ రొయ్యలూ ముందు పోయి చేపలు తర్వాత పోయాయంటే నేను మొదట అడిగేది అదే. వాటికి రాగి విషం. కొంచెం కరిగినా చాలు."

నీళ్ళలోకి ఏదో మందు చుక్కలు వేశాడు. రంగు మారింది. అతను చెప్పే ముందే నాకు తెలిసిపోయింది. మోటారు చప్పుడు మీదుగా ఒక గొంతు వినబడింది, తొట్లో ఆ తీగ పచ్చబడుతోంది అని. అక్కడున్న మేత బస్తా మీద కూర్చుండిపోయాను.

ఇంటికొచ్చి అద్దంలోంచి చూశాను. నీటి గీత దగ్గర తీగ మీద ఆకుపచ్చటి పొర, నాచులాగా. నాచే అనుకుంటాం, తెలియనివాళ్ళం. గబగబా బాల్కనీలోకి వెళ్ళాను. అక్క తన తుడుపు గుడ్డలు అక్కడ తాడు మీద ఆరేసి వెళ్ళేది, అవి ఇంకా అక్కడే ఉన్నాయి. తొట్టి తుడిచే గుడ్డ ఒక మూల మొత్తం పచ్చగా ఉంది, గట్టిపడి.

వెతుకుతుంటే ఇంకోటి కూడా దొరికింది. కొట్టు వాళ్ళకి తిరిగి పంపాల్సిన గుడ్డముక్కల సంచి దులిపితే, కింద టంగుమని నా కత్తెర పడింది.

మామగారు లైబ్రరీ నుంచి వచ్చాక అన్నీ ఆయన ముందు పెట్టాను. కత్తెర తప్ప. కొట్టాయన చెప్పింది చెప్పాను, గుడ్డ చూపించాను. అక్క నాతో అన్న మాట చెప్పలేదు.

ఆయన వాదించలేదు. అది నన్ను భయపెట్టింది. భూతద్దం తెచ్చి తీగని చూశారు. గుడ్డని చూశారు. తర్వాత బోర్డు రికార్డు ఒక పక్కన, చావుల రిజిస్టరు ఒక పక్కన పెట్టుకుని, స్కేలుతో ఒక్కో వరసా గీస్తూ పోయారు. అక్క తలుపు తీసిన వారాల్లో పోయిన చేపలు మూడు. అక్కని పంపేశాక పోయినవి పదమూడు. గీయడం అయ్యాక స్కేలు కింద పెట్టి, పటకారు తీసుకుని, ఆయన వేసిన సీలు ఆయనే తెంపారు. చుట్లన్నీ ఒక్కొక్కటీ విప్పారు.

"తుడిచేది," అన్నారు. "విషం తుడిచేది. నేను కారణం అడగలేదు."

చెప్పాల్సింది అప్పుడే. ఆయన మొహం చూసి, ఇప్పుడెందుకులే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. తప్పంతా ఆయన భుజాల మీద ఉంది, ఆయన మోస్తున్నారు. మోయనిచ్చాను.

సగం నీళ్ళు మార్చాం. మర్నాడు పొద్దున్నే ముందు కింద వాటాకి వెళ్ళి, "నేను చెప్పింది తప్పు, ఆవిడ తప్పేం లేదు," అని చెప్పారు. ఆ గొంతులో తప్పు అన్న మాట నేను వినడం అదే మొదలు. తర్వాత నన్ను వెంటబెట్టుకుని అక్క ఇంటికి బయలుదేరారు.

మూడో అంతస్తు, వరండాకి వరసగా గదులు. అక్క గుమ్మంలో కూర్చుని బక్కెట్టు పక్కన పెట్టుకుని రాగి పాత్రలు తోముతోంది. మమ్మల్ని చూసి లేచి చేతులు తుడుచుకుంది. లోపలికి రమ్మనలేదు.

"ఎవరివమ్మా అవి?" అన్నారు మామగారు, ఏం మాట్లాడాలో తెలియక.

"చివరి వీధిలో ఒకరివి. తోమి ఇస్తుంటాను. కిలుము ఉంచకూడదండి వీటికి, కడుపులోకి పోతే మంచిది కాదు."

మామగారు జేబులోంచి ఆ తీగ తీశారు. తెంపిన సీసపు బిళ్ళ ఇంకా దానికి వేలాడుతోంది.

"ఈ తీగ నేను కట్టింది," అన్నారు. "చేపల్ని చంపింది నేను. నిన్ను దొంగలా నిలబెట్టాను. కింద వాళ్ళకి నిజం చెప్పాను. నీకు ఇష్టమైతే మళ్ళీ రా. లేకపోతే నేను చేయగలిగిందేమీ లేదు."

ఆవిడ తీగ వైపు చూసింది, ముట్టుకోలేదు.

"ఎన్ని మిగిలాయండీ?"

"నాలుగు."

"ఇరవై ఉండేవి," అంది. మామగారు తల దించుకున్నారు. నాకు ఆ వరండాలోంచి పారిపోవాలనిపించింది.

అక్క సోమవారం వస్తానంది. మామగారి ప్రాణం కుదుటపడింది. మనిషి కాస్త నిటారుగా నిలబడ్డారు.

"ఇక మీదట ఏది కనబడినా చెప్పమ్మా. నేను వినను అనిపిస్తే, ఇదిగో, మా కోడలికి చెప్పు. తను నాకు చెబుతుంది."

అక్కకి నా మీద కక్ష ఏమీ లేదు. ఉన్నట్టు నాకు అనిపించలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పిందంతే.

"ఈవిడకే చెప్పానండి," అంది. "తీగ పచ్చబడిన కొత్తల్లోనే. ఊఁ అన్నారు."

వరండాలో ఎక్కడో కుళాయి కింద బిందె నిండుతున్న చప్పుడు. మామగారు నా వైపు తిరిగారు. నేను ఆ చూపు కోసం ఎదురుచూశాను, మీటరు ముందు నిలబడి చూసే చూపు. చెప్పిందా, లేదా? నాకు చెప్పావా, లేదా? అడుగుతారనుకున్నాను. అలా అడిగితే తేలికయ్యేది. చెప్పింది, చెప్పలేదు, అయిపోయింది.

ఆయన అలా అడగలేదు.

"ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు.

ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవర్నీ అడగని ప్రశ్న. మిషను చప్పుడని చెప్పొచ్చు. పని తొందరని చెప్పొచ్చు. రెండూ నాలుక చివరికి వచ్చాయి. అక్క నా మొహమే చూస్తోంది.

"నా కత్తెర పోయింది మామయ్యా," అన్నాను. "అక్క తీసిందనుకున్నాను."

ఆయనకి వెంటనే అర్థమైంది. ఆయనకి కాక ఇంకెవరికి అర్థమవుతుంది. చేతిలో తీగని మెల్లగా చుట్టచుట్టి జేబులో పెట్టుకున్నారు.

"దొరికిందా?" అని అడిగింది అక్క.

"దొరికింది," అన్నాను. "నా సంచిలోనే."